వర్తూరు సైటులో కూరాకు

వానలు మొదలైతే మా అత్తకు ఇంట్లో కాలు నిలవదు. నగరం అంచున, వర్తూరు వెనక, పునాదులు తవ్వి కోర్టు గొడవలతో వదిలేసిన పెద్ద సైటు ఒకటుండేది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అది రాగిచేనట. మేము వెళ్ళే నాటికి గుంతలు, తుప్పుపట్టిన కమ్మీలు, వాటి మధ్య మోకాలెత్తు పచ్చదనం. కూరకు పనికొచ్చే చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు, గలిజేరు అన్నీ అక్కడే దొరికేవి. వర్తూరు చెరువు గట్టున ఇంకా ఏపుగా పెరుగుతాయి గానీ, ఆ మురికినీళ్ళు తాగిన ఆకును అత్త ముట్టదు.

నేను మారతహళ్ళిలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును. నా పుట్టిల్లు మదనపల్లె వైపు కాబట్టి ఆ ఆకులన్నీ చిన్నప్పటి నుంచీ తిన్నవే. ఆదివారం ప్రార్థన అయ్యాక డ్యూటీ లేకపోతే అత్త వెంట వెళ్ళేదాన్ని. ఆకు మీద ఇష్టం ఉన్న మాట నిజమే, కానీ ఆమెను ఒంటరిగా పంపాలంటే భయం. అత్తకు నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. పెళ్ళీడుకొచ్చాక కూడా మా ఆయన ఆమె చేతి దెబ్బలు తిన్నాడు.

ఆ సైటులోకి ఇంకొకామె కూడా వచ్చేది. అత్త వయసే. కోసిన ఆకును కట్టలు కట్టి, బెరకె సొప్పు, అంటే కలగలుపు ఆకు, అని కన్నడంలో అరుస్తూ అపార్ట్‌మెంట్ల ముందు అమ్ముకునేది. మేము వండుకోవడానికి కోస్తే, ఆమె బతకడానికి కోసేది. ఇద్దరికీ పడేది కాదు. ఒకసారి చెంచలాకు దట్టంగా మొలిచిన గుంత దగ్గర ఎదురుపడ్డారు.

"ఇది నేను చూసి పెట్టుకునింది. పక్కకు పో," అంది ఆమె.

"చూసి పెట్టుకుంటే నీదైపోతాదా? నీ మొగం ఈడ కనపడక ముందునుంచి కోస్తాండా," అంది అత్త.

జుట్లు పట్టుకున్నారు. ఇద్దరూ గుంతలోకి దొర్లారు. నేను దిగి విడదీసేలోపు ఆమె అత్త ముంజేతిని పళ్ళతో పట్టేసింది. అత్త మరో చేత్తో ఆమె చెవి దగ్గర గుద్దుతూనే ఉంది. వాళ్ళ కింద నలిగిన ఆకు రసం ఇద్దరి చీరలకూ పట్టింది. ఇంటికొచ్చాక గాయం కడిగి, టీటీ సూది వేశాను. అత్త మూలగలేదు. "బలే పళ్ళుండాయి దానికి," అంది అంతే.

తర్వాతి వానలకు సైటుకు కాపలావాడు వచ్చాడు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు, పాతికేళ్ళుంటాయేమో. ఎవరినీ లోపలికి రానివ్వొద్దని వాడికి చెప్పారు. చేతిలో ఇనప గొట్టం పెట్టుకుని తిరిగేవాడు. మేము వెనకవైపు పడిపోయిన గోడ దాటి వెళ్ళేవాళ్ళం.

ఆ రోజు అత్తా నేనూ ఒక మూల గురుగాకు కోస్తున్నాం. ఆ ఆకులమ్మే ఆమె చాలా దూరంగా, గేటు వైపు ఉంది. వాడు హిందీలో అరవడం వినిపించి తలెత్తాను. ఆమె గంపను కాలితో తన్నాడు. ఆమె వంగి, చెదిరిన ఆకును మళ్ళీ గంపలోకి ఎత్తుకోబోయింది. వాడు గొట్టంతో భుజం మీద కొట్టాడు. ఆమె లేచి వాడి చొక్కా పట్టుకుంది. ఈసారి దెబ్బ తలమీద పడింది. ఆ చప్పుడు నాకు అంత దూరానికీ వినిపించింది.

నేను ఇంకా కూర్చునే ఉన్నాను. అత్త మాత్రం అప్పటికే పరిగెత్తుతోంది. చీర కమ్మీలకు తగులుకుని చిరిగినా ఆగలేదు. వాడు అత్త వైపు తిరిగి గొట్టం ఎత్తాడు. అత్త ఆకు కోసే కొడవలితో ఒక్క వేటు విసిరింది. వాడి ముంజెయ్యి మణికట్టు నుంచి పైదాకా తెరుచుకుంది. గొట్టం జారిపోయింది. వాడు తన చేతిని తానే నమ్మలేనట్టు చూసుకుంటూ కూలబడ్డాడు. తల పగిలినామె, ముఖమంతా నెత్తురుతో, వాడి గుండెల మీద ఎక్కి కూర్చుని రాయి అందుకుంది.

నేను చేరుకునేసరికి వాడి ముక్కు చితికిపోయింది. ఆమెను రెండు చేతులతో లాగి పక్కకు తోశాను. వాడి చేతి నుంచి నెత్తురు ఎగజిమ్ముతోంది. నా చున్నీ తీసి మోచేతి పైన బిగించి, గాయం మీద నా బరువంతా వేసి నొక్కాను.

"వదులు వాన్ని," అంది అత్త.

"చచ్చిపోతాడు అత్తా."

"పోతే పోనీ. వాడు ఆమెను సంపబోల్యా?"

నేను వదల్లేదు. అత్త నా చెంప మీద కొట్టింది. చెవి గుయ్యిమంది. అయినా నొక్కే ఉంచాను. వాడు ఏడుస్తూ నా భుజాన్ని బాగున్న చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

గేటు బయట దొరికిన ఆటోలో ఇద్దర్నీ ఎక్కించాను. అత్త రానంది. ఆ ఆటోలో వాడికీ ఆమెకూ మధ్య నేను. ఆమె తన కొంగుతో తల అదుముకుంటూనే, మధ్యమధ్యలో కాలితో వాణ్ణి తన్నుతోంది.

మా ఆసుపత్రిలోనే ఇద్దరికీ కుట్లు వేశారు. డాక్టరు పోలీసులకు ఫోను చేశాడు. పోలీసు వచ్చేలోపే సైటు మేనేజరు వచ్చి వాడి చెవిలో ఏదో చెప్పాడు. కోర్టులో ఉన్న సైటు గురించి కొత్తగా కేసు లేవడం వాళ్ళకు ఇష్టం లేదు. రేకు కోసుకుందని వాడు పోలీసుకు చెప్పాడు. గుంతలో జారి పడ్డానని పక్క మంచం మీద నుంచి ఆమె చెప్పింది. పోలీసు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, రాసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఇంటికొచ్చేసరికి అత్త చెదిరిన ఆకంతా ఏరి తెచ్చింది. ఆకులామె గంపలోది కూడా. నెత్తురు పడినది పారేసి, మిగిలింది కందిబేడలతో ఉడకేసి పప్పుగుత్తితో ఎనుపుతోంది. సంగటి ముద్ద పక్కన ఆ కూర పెట్టింది. నా గోళ్ళ సందుల్లో నెత్తురు ఇంకా పోలేదు. తినలేకపోయాను. అత్త తినింది. తింటూ తింటూ మధ్యలో ఆగి, నా చెంప వైపు చూసి, "నొప్పుండాదా?" అంది. లేదన్నాను.

కొన్ని వారాలకు ఆ కాపలావాడు చెయ్యి చూపించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చాడు. చిటికెనవేలు, దాని పక్క వేలు ముడుచుకోవడం లేదు. ఉద్యోగం పోయింది. నన్ను గుర్తుపట్టి తల దించుకున్నాడు. ఆ సంగతి అత్తకు చెప్పాను. ఆకు గిల్లుతూ వింది.

"అంత లోతుగా తెగుతాదని అనుకోల్యా," అంది. గిల్లిన ఆకు గిన్నెలో వేస్తూ, "దెబ్బ ఆపాలనే విసిరితి. వాని కండ్లు సూసినాక నాకూ కోపం ఆగల్యా," అంది.

సైటు చుట్టూ ఇప్పుడు ఎత్తుగా రేకులు వేశారు. అత్త బెళ్ళందూరు వైపు రైలు కట్ట పక్కకు పోతోంది. ఆకులామె కూడా అక్కడికే వస్తుంది. జుట్టు మధ్యలో కుట్ల చోట వెంట్రుకలు మొలవలేదు. ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. ఆమె ఆ చివర నుంచి, అత్త ఈ చివర నుంచి కోసుకుంటూ వస్తారు. మొన్నొకసారి నేనూ వెంట ఉన్నప్పుడు, అపార్ట్‌మెంటు వైపు నుంచి ఒకతను ఎవరు మీరని అరుస్తూ దిగి వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. అతను వాళ్ళ చేతుల్లోని కొడవళ్ళ వైపు చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక చూస్తే నా పిడికిట్లో ఒక రాయి ఉంది. ఎప్పుడు ఎత్తుకున్నానో తెలియదు.