వెనుక సీట్ల కూసున్న రోజు

నా పరువు పత్తికుప్పల కలిసిన ముచ్చట చెప్తున్న. నవ్వేటోళ్లు ముందే నీళ్లు తాగి కూసోండ్రి. నడుమల పొలమారితే నా పూచీ లేదు.

అప్పటికి నేను కొండాపూర్‌ల క్యాబ్ నడపబట్టి ఆరేండ్లు. పొద్దుగాల సాఫ్ట్‌వేరోళ్లను ఇండ్లకాడ ఎక్కించుకొని హైటెక్ సిటీల దించుడు, సాయంత్రం మళ్ల ఇండ్లకు జేర్చుడు. గిది నా పని. గని నన్ను సాది పెద్దజేసిన మా మేనమామకు వేరే తీరుగ తెలుసు. ఆయన ఆదిలాబాద్ అడవుల నడుమ, కెరమెరి ఘాట్ దిక్కు, బస్సు గూడ వద్దామా వద్దా అని ఆలోచించుకొని వచ్చే ఊర్లె ఉంటడు. నేను పట్నం వచ్చిన కొత్తల ఫోన్ చేసి అడిగిండు.

"ఏం పని దొరికిందిరా అల్లుడా?"

"హైటెక్ సిటీల, మామా."

"కంప్యూటర్ కంపెనీలనా?"

"ఆ... రోజూ కంపెనీకే పోతున్న."

గిండ్ల అబద్ధం యాడున్నది, మీరే చెప్పుండ్రి? రోజూ పోతనే ఉన్న. గేటు లోపలికి పోను, గంతే. గని మా అత్తమ్మ ఆ ముచ్చట ఊరంత పంచింది. నెల తిరగకముందే, ఎవలి ఫోన్ ఖరాబైనా నన్నే అడుగుడు షురువైంది. "ఒక్కసారి బంద్ జేసి మళ్ల చాలు జెయ్యుండ్రి" అంటుంటి. నా ఖర్మకు సగం ఫోన్లు బాగైతుండె! ఇగ నేను ఊరికి ఇంజనీర్నైపోయిన. ఆ భయానికే ఆరేండ్లు ఊరి మొఖం చూడలే.

నా బండి రోజూ ఎక్కేటోళ్లల్ల ప్రసాద్‌గారని ఒక సార్ ఉండె. కాకినాడ మనిషి, కంపెనీల మేనేజర్. ఒకనాడు అడిగిండు: "రాజేశం, మీ ఆదిలాబాద్ వైపు అడవులూ జలపాతాలూ బాగుంటాయటగా. ఈ శనివారం వెళ్దామా? దారి తెలుసా నీకు?"

"దారా సార్? నేను పెరిగిన జాగ!" అని ఎగిరి ఒప్పుకున్న. ఎగిరేటప్పుడు యాడ పడతమో చూసుకోవాలె గదా, చూసుకోలే.

మేడ్చల్ దాటినం, నిర్మల్ దాటినం. ఉట్నూరు దాటి టేకు చెట్లు కనవడంగనే నా పాణం లేచొచ్చింది. ప్రతి మలుపు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉండె. కిటికీ దించి, ఊపిరి బలంగ పీల్చి, అప్పుడు యాదికొచ్చింది: జలపాతం తొవ్వ మా మామ ఇంటి ముంగటనుంచే పోతది! ఇంకో తొవ్వ లేదు. బ్రేకు మీద నిలవడ్డ.

"ఏంటి, పులా?" అన్నడు ప్రసాద్‌గారు, కాళ్లు సీటు మీదికి తీసుకొని.

"పులైతే పక్కకు పోతుండె సార్. మా మామ పోడు."

ఉన్నదంత చెప్పుకున్న. సారు ఇకిలించి నవ్విండు. "ఇంతేనా! కాసేపు నేను డ్రైవర్ని, నువ్వు సారువి. కాలేజీలో నాటకాలేసినవాణ్ణయ్యా నేను."

"బండి నడపొస్తదా సార్?"

"స్టీరింగ్ పట్టి ఎనిమిదేళ్లయిందనుకో. అయినా ఎక్కడికి పోతుంది!"

ఎక్కడికి పోయిందంటే, సీదా మా మామ వాకిట్ల ఆరబోసిన పత్తికుప్పలకు పోయింది. సగం బండి తెల్లగైంది. గాజుల దుకాణంల కోడెదూడ జొర్రినట్టు ఊరంత అరుపులు. మామ, అత్తమ్మ ఉరికొచ్చిన్రు. నేను ప్రసాద్‌గారి నల్లద్దాలు పెట్టుకొని వెనుక సీట్ల బిగుసుకపోయిన. సారు మాత్రం పత్తి మీసాలతోని దిగి, నా తలుపు తీసి, నడుం వంచిండు.

"దిగండి సార్."

"ఎవలురా గీయన?" అన్నడు మామ.

"నా... డ్రైవర్, మామా."

నాటకం గంతటితోని ఆపొచ్చు గదా! ప్రసాద్‌గారికి వేషం తలకెక్కింది. "రాజేశం సార్ లేకపోతే మా కంపెనీ ఒక్కపూట నడవదండీ. ఆయనకు నిద్రుండదు, నాకు సెలవుండదు. మా పిల్లల మొహం చూసి మూడు నెలలైంది" అని కండ్లు తుడుచుకున్నడు.

అత్తమ్మ నా మీద ఎగవడ్డది. "పెద్దమనిషిని గిట్ల సతాయిస్తవా? సిగ్గు లేదా కొడుకా?"

ఇగ మర్యాదలన్నీ ఆయనకే. నాటుకోడి కూరల మంచి ముక్కలన్నీ డ్రైవర్ పళ్లెంల, మెడలు, రెక్కలు సార్ పళ్లెంల. నేను సార్‌ను గదా, మెడలే చీకుకుంట కూసున్న.

తిన్నంక బండి కుప్పలనుంచి బయటికి తియ్యాలె. ప్రసాద్‌గారు వెనుకకు పోనిస్తే ముంగటికి పోయింది, ముంగటికి పోనిస్తే కూతవెట్టి ఆగింది. నాకు సైసలే. "దిగుండ్రి సార్" అని స్టీరింగ్ ముందట కూసొని, ఒంటిచేత్తోని బండి గిర్రున తిప్పి రోడ్డు మీద నిలవెట్టిన. సారు గూడ అలవాటుగ వచ్చి వెనుక సీట్ల కూసున్నడు. నేను అద్దంల చూసి, ఆరేండ్ల అలవాటు ఊకుంటదా, అనేసిన:

"సార్, ఓటీపీ చెప్పుండ్రి."

ముందుగాల మామే నవ్విండు.

"దిగురా అల్లుడా. నువ్వు బండి నడుపుతవని మాకు ఎప్పటిసందో ఎరుకే. మీ నాటకం యాడిదాంక పోతదో చూద్దామని మేం గూడ ఆడినం."

"ఎట్ల మామా?"

"ఫోన్ జేసినప్పుడల్లా నీ పక్కన ఒకామె 'రెండొందల మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి' అంటనే ఉంటది. ఏ కంప్యూటర్ ఆఫీసుల గట్ల చెప్తరురా?"

"నేనైతే మాకు చెప్పకుంట పెండ్లి చేసుకున్నవనుకొని రెండు దినాలు ఏడ్చిన" అన్నది అత్తమ్మ.

"మరి గన్ని రోజులు ఎందుకడగలే?"

"నీకు చెప్పబుద్ధైనప్పుడు చెప్తవని. గీ జర్రంత ముచ్చటకు ఆరేండ్లు మమ్ముల ఇడిసిపెడతవారా?" అన్నడు మామ, నా వీపు మీద చెయ్యేసి.

నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్. పత్తి పడ్డదని చెప్పిన. గది గూడ ఎవలూ నమ్మలే.

అప్పుడు మామ ప్రసాద్‌గారి దిక్కు తిరిగిండు. "మరి నువ్వెవలు సారూ? డ్రైవర్‌వైతే మాత్రం కాదు."

ప్రసాద్‌గారు చేతులు జోడించిండు. "నేను సాఫ్ట్‌వేరండీ. మేనేజర్ని."

మామ ఆయన్ని కిందికి మీదికి చూసి, "ఊకో సారూ! మావోడు గూడ ఆరేండ్లు గదే చెప్పిండు" అన్నడు.

ఆనాడే ఘాట్ మీద బండి ఆపి, స్టీరింగ్ మీద చెయ్యివెట్టి ఒట్టేసుకున్న. అబద్ధం ఆడనని కాదు, గంత పెద్ద మాట నేనియ్యలేను. కాకినాడ నాటకాలోళ్లకు మాత్రం ఈ జన్మల తాళంచెవి ఇయ్య.