మందు కొట్టే ముందు చెప్పే మాట

మా ఇల్లు ఛాంపియన్ రీఫ్‌లో, పాత బంగారు గని క్వార్టర్స్ వరసలో. ఎండాకాలం గాలి లేస్తే గనిలోంచి తీసి పోసిన సైనైడ్ మట్టి దిబ్బల దుమ్ము వంటింటి దాకా వస్తుంది. పొద్దున్నే దాన్ని తుడిచి పారెయ్యడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు, దాని మీద నాకు కోపం లేదు. నాకు అసహ్యం పుట్టించింది నా ఫోను. అందరూ వాడే ఆ పెద్ద యాప్ తెరిస్తే ముందు పొట్ట తగ్గించే పొడి, తరవాత ఎవరో ఎవరినో చెంప మీద కొట్టే వీడియో, ఆ తరవాత వశీకరణం చేస్తానని నంబరిచ్చే జ్యోతిష్కుడు. అవన్నీ దాటితే నా సొంత మేనత్త కూతురి పెళ్ళి ఫోటో, అదీ పెళ్ళయిన వారానికి. కంప్యూటర్ ఉద్యోగం కాబట్టి రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళొస్తాను. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, బొటనవేలితో ఆ మురుగు తోడుకుంటూ కూర్చునేవాణ్ణి. నన్ను చూస్తే నాకే రోతగా ఉండేది.

అయినా మానలేదు. మానకపోవడానికి నా దగ్గర ఒక సాకు ఉండేది, అది ఆ యాప్‌లోనే ఉన్న అక్క వాళ్ళ ఊరి గ్రూపు.

అక్కను కామసముద్రం దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. అక్కా బావా పట్టుపురుగులు మేపుతారు. వాళ్ళ మల్బరీ తోటను ఆనుకునే వేరే ఆయన టొమాటో తోట. టొమాటోకి మందు కొడితే ఆ తుంపర గాలికి మల్బరీ ఆకు మీద పడుతుంది. కంటికి ఏమీ తెలియదు. ఆ ఆకు తిన్న పురుగు మాత్రం తల అటూ ఇటూ కొట్టుకుని, పచ్చటి నీళ్ళు కక్కి చస్తుంది. అందుకని మా వైపు ఒక మర్యాద ఉంది. మందు కొట్టేవాడు ముందురోజే పక్క మల్బరీ వాళ్ళకు చెప్పాలి. చెబితే వాళ్ళు చీకటి పడేలోపు దొరికినంత ఆకు కోసి తడి గోనెపట్టాల కింద దాచుకుంటారు, మిగతా రోజులకు ఇంకెక్కడైనా ఆకు చూసుకుంటారు. కోర్టులో కేసులు నడుస్తున్న అన్నదమ్ములు కూడా ఈ ఒక్క మాటా చెప్పకుండా మందు కొట్టరు.

ఫోన్లు వచ్చాక ఆ మాట పొలం గట్టు మీద నుంచి గ్రూపులోకి వెళ్ళింది. గ్రూపులో పెడితే చెప్పినట్టే లెక్క. పక్క టొమాటో ఆయన కూడా అలాగే పెట్టాడు. ఆ యాప్ దాన్ని అక్కకు మూడో రోజు చూపించింది. అప్పటికి ఆమె పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఉన్నాయి. పురుగు పొర విడిచే ముందు కదలకుండా పడుకునే నిద్రను మా వాళ్ళు జ్వరం అంటారు. నాలుగోది దాటితే ఇంకో వారంలో గూడు కడతాయి. అన్నీ పోయాయి.

ఆదివారం వెళ్ళాను. చచ్చిన పురుగుల వాసన వాకిట్లోకే కొడుతోంది. అక్క ఫోను నా చేతిలో పెట్టింది.

"చూడప్పా, ఎవురో మొగుడూ పెండ్లాల జగడం మూడు దినాలుగా చూపిస్తాండాది. నా మల్బరీ సొప్పు మాట మాత్రం దీనికి కానరాలేదు."

ఆ రోజు నుంచి నేను వేరే చోటు వెతకడం మొదలుపెట్టాను. ఒకే కంపెనీ చేతిలో ఉండకుండా ప్రపంచమంతా చిన్న చిన్న సర్వర్లు పెట్టుకుని, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి ఒకటి ఉందని నాకు తెలుసు. నెల రోజులు రైల్లో అదే పని. ఒక చోట నిబంధనలు చదివేసరికి బంగారుపేట దాటిపోయింది, చదివాక చూస్తే లోపల మనుషులు ఇద్దరే, అందులో ఒకడు దాన్ని పెట్టినవాడు. ఇంకో చోట, నిజమైన వికేంద్రీకరణ అంటే ఏమిటని పండితులు ఒకరినొకరు ఏడాదిగా తిట్టుకుంటున్నారు. మరో చోట ఐదు నిమిషాలున్నందుకే చెయ్యి కడుక్కోవాలనిపించింది. ఇక్కడా అదే మురుగు, కాలువలు మాత్రం చిన్నవి అనుకున్నాను.

కానీ ఒక్క సంగతి నన్ను పట్టుకుంది. అందులో ఎవరు ముందు పెడితే అది ముందు కనపడుతుంది. మధ్యలో పొడి అమ్మేవాడు లేడు, నువ్వేం చూడాలో తేల్చేవాడు లేడు. అక్క కోసం అలాంటిది నేనే ఒకటి పెట్టాను. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నానా తంటాలు పడుతుంటే ఆమే అందుకుంది.

"పాల డైరీ మాదిరి అను. ఊరికొక డైరీ, ఎవురి క్యాన్లు వాళ్ళవి. అయినా ఒక ఊరి పాలు ఇంగో ఊరికి పోతాయి."

"అంతే అక్కా."

"మన దానికి సెక్రెటరీ ఎవురు?"

"నేనే."

"నువ్వయితే ఇంగ భయం లేదు," అంది.

పురుగులు మేపే ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. లక్కూరు నుంచి కూడా కొందరు వచ్చారు. కొన్నాళ్ళకు సుగటూరు వైపు ఒకాయన టొమాటో వాళ్ళ కోసం ఇంకో సర్వర్ పెట్టాడు. అందులో మార్కెట్ రేట్లు వస్తాయని అక్క పక్క పొలం ఆయన అటు చేరాడు. అయితేనేం, రెండు సర్వర్లూ మాట్లాడుకుంటాయి. అక్కడ "రేపు మందు కొడతాండాను" అని పెడితే క్షణాల్లో ఇక్కడ అక్కకు కనపడేది. రెండు పంటలు నిమ్మళంగా గూళ్ళు కట్టాయి. నేను రైల్లో కనపడిన ప్రతివాడికీ పెద్ద కంపెనీల పాపం గురించి, మా సర్వర్ గొప్ప గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. విన్నవాళ్ళ ఓపికకు దండం పెట్టాలి.

ఒకరోజు నా నిర్లక్ష్యం వల్ల మా సర్వర్ సగం పూట ఆగిపోయింది. సుగటూరాయన అందరికీ కనపడేలా రాశాడు.

"పురుగుల వాళ్ళ సర్వరు కూడా జ్వరంలో పండుకొని ఉండాది. లేపద్దండప్పా."

జనం నవ్వుకున్నారు. నిజానికి బాగానే ఉంది, ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది. నేనొకటి అన్నాను, ఆయనొకటి అన్నాడు. ఆయన వైపు నుంచి ఇంకెవరో వచ్చి, పురుగుల వాళ్ళు తామేదో జమీందార్లయినట్టు టొమాటో వాళ్ళను అదుపులో పెట్టాలని చూస్తారని రాశారు. మరునాడు పొద్దున రైలు ట్యాకల్ దాటుతుండగా సర్వర్ సెట్టింగులు తెరిచాను. అవతలి సర్వర్ నుంచి ఒక్క మాట కూడా మన వైపు రాకుండా మొత్తంగా మూసెయ్యడానికి అక్కడ ఒక మీట ఉంటుంది. కారణం రాయమని ఒక గడి ఉంటుంది. అందులో "సభ్యుల ప్రశాంతత కోసం" అని రాసి నొక్కాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచను కూడా లేదు. కిటికీ పక్కన కూర్చుని ఇడ్లీ తిన్నాను, చాలా రుచిగా ఉంది.

పదిరోజులు తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది.

"పక్కాయన చెప్పకుండా మందు కొట్టినాడప్పా. మళ్ళా అంతా పాయె."

వెళ్ళేసరికి బావ చచ్చిన పురుగుల్ని తట్టలకెత్తి గుంటలో పోస్తున్నాడు. కొన్ని ఇంకా తలలు ఆడిస్తున్నాయి. నోటి నుంచి కారిన పచ్చనీళ్ళకు అడుగున పరిచిన కాగితాలు ముద్దముద్దగా తడిసిపోయి ఉన్నాయి. ఆ వాసన నా చొక్కాకు పట్టుకుంది. ఈసారి కూడా నాలుగో జ్వరం లేచినవే. పదిమందిలో పక్కాయన పొలంలోకి వెళ్ళి, ఏ శత్రువూ చెయ్యని పని చేశావని అక్క నోటికొచ్చినట్టు తిట్టిందట. ఆయన ఫోను తీసి చూపించాడట. ముందురోజు మధ్యాహ్నమే పెట్టాడు.

"నేను చెప్పినానమ్మా. నీకు రాలేదంటే నీ తమ్ముణ్ణి అడుగు," అన్నాడట.

అక్క నన్ను అడిగింది. అడగడంలో అనుమానం లేదు, వాన ఎందుకు పడలేదని అడిగినట్టే అడిగింది.

"టెక్నికల్ ప్రాబ్లం అక్కా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఉమ్మాలనిపిస్తుంది. ఆ పెద్ద కంపెనీ వాళ్ళకు ఏడాది కింద ఫిర్యాదు రాస్తే వాళ్ళ నుంచి వచ్చిన జవాబు కూడా దాదాపు ఇదే. అప్పుడు దాన్ని అక్కకు చదివి వినిపించి, వీళ్ళకు సిగ్గుందా అన్నది నేనే.

అక్క నమ్మింది. "పోనీలేప్పా, మిషన్లు గదా," అంది. కొంగు దులుపుకుని లేచింది. "ఆయన్ను ఊరికే అన్యాయంగా అనేసినాను. పోయి కాళ్ళన్నా పట్టుకోవల్ల," అని చెప్పుల కోసం చూసింది.

నా తప్పుకు అక్క ఇంకొకరి కాళ్ళు పట్టుకోవడం నేను చూడలేకపోయాను. వాకిట్లో ఆపి ఉన్నదంతా చెప్పాను. సుగటూరాయన జోకు, జనం నవ్వు, నా కోపం, ట్యాకల్ దగ్గర నొక్కిన మీట. పక్కాయన మాట తన దాకా రాకుండా ఆపింది ఏ మిషనూ కాదని చెప్పాను. బావ తట్ట కింద పెట్టి నా వైపు చూసి, మళ్ళీ తట్ట ఎత్తుకుని గుంట వైపు వెళ్ళిపోయాడు.

అక్క తొట్టి దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కుంది. తిడుతుందని చూశాను, తిడితే బాగుండుననుకున్నాను. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అంది.

"ఆ యాప్ వాళ్ళకు నేను ఎవురో తెల్దు. యాడుంటానో తెల్దు. పురుగులంటే ఏమో కూడా తెల్దు వాళ్ళకు. నీకు అన్నీ తెలుసు గదప్పా."