కొసరు క్యాసెట్

నా చిన్నప్పుడు సినిమాను కూడా నేను తూకం వేసే తెచ్చేదాన్ని. హుస్సేనీ ఆలంలో మాకు స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. బిందె కొనే ముందు వేలితో కొట్టి మోత వినాలి, చెంబు కొంటే అడుగు తిప్పి చూడాలి, ఏది కొన్నా కొసరు అడగకుండా కదలకూడదు. ఉగ్గుపాలతో పట్టిన విద్య. ఆ విద్య పట్టుకునే వీధి చివర ఉన్న వీడియో లైబ్రరీకి వెళ్లేదాన్ని. రెండున్నర గంటల సినిమా కంటే మూడు గంటల సినిమా లాభం. అట్ట మీద ఇద్దరున్న క్యాసెట్ కంటే నలుగురున్నది లాభం. పాటలెన్ని, ఫైటింగులెన్ని అని అడిగి, అన్నీ సరితూగితేనే చేతిలోకి తీసుకునేదాన్ని. ఇంతా చేసి తెచ్చిన సినిమాలకు ఇంట్లో వాళ్లంతా సగంలోనే నిద్రపోయేవారు. అప్పుడైనా నా లెక్క తప్పిందేమో అనుకోలేదు. నిద్రపోయినవాళ్లదే నష్టమనుకున్నాను.

లైబ్రరీ నడిపే ఆయన్ని అందరం క్యాసెట్ల చాచా అనేవాళ్లం. చిన్న గది, మూడు గోడల నిండా క్యాసెట్లు, మూల ఒక టీవీ. పెళ్లిళ్ల కాలంలో కెమెరా భుజాన వేసుకుని వీడియోలు తీయడానికి వెళ్లేవారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో చెయ్యి ఊరుకోక, మిగిలిపోయిన టేపు మీద తోచిందల్లా తీసేవారు. మిద్దెల మీద పావురాలు, వాన పడగానే అంగళ్ల ముందు పరిగెత్తే గొడుగులు, అలాంటివి. గిరాకీ లేనప్పుడు మూల టీవీలో అవే నడుస్తుండేవి. కథ లేదు, పాట లేదు, చివరికి ఎవరూ ఎవరినీ కొట్టుకోరు కూడా. ఊరికే ఇచ్చినా తీసుకోకూడని సరుకు అని నేను తేల్చేశాను.

ఆ యేడు మా నాయనమ్మ తడిగచ్చు మీద జారి పడి కాలు విరగ్గొట్టుకుంది. కొన్నాళ్లకు కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది, ఇక నడవాలన్నారు డాక్టరు. నాయనమ్మ మంచం దిగనంది. మళ్లీ పడతానన్న భయం. ఇప్పుడు లేవకపోతే కాలు బిగుసుకుపోతుందని, ఆ తర్వాత లేవాలనుకున్నా లేవడం కుదరదని డాక్టరు బాపుకు గట్టిగా చెప్పి వెళ్లారు. బాపు బతిమాలాడు. అమ్మ అలిగింది. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

పడకముందు ఆమె పొద్దున్నే దుకాణానికి వెళ్లి అరుగు మీద కూర్చునేది. ఇక చీకటి పడేదాకా ఆ నోటికి తాళం ఉండేది కాదు. వీధిలో పోయేవాళ్ల నడక చూసి, ఎవడు కొంటాడో, ఎవడు గాలికొచ్చాడో చెప్పేసేది. నూటికి తొంభై నిజమయ్యేవి. కానివాటిని ఆమె లెక్కలోకి తీసుకునేది కాదు. అలాంటి నోరు మూతపడేసరికి ఇల్లంతా దుకాణం మూసిన పండుగపూటలా అయింది. ఆమె పక్కలో పడుకుని, ఆమె తిట్లు వింటూ పెరిగినదాన్ని నేను. అందరికంటే నాకే ఎక్కువ భయమేసింది.

మంచి సినిమా చూపిస్తే మనసు మళ్లుతుందన్న ఉపాయం నాదే. బాపు ఎక్కడో బేరమాడి తెచ్చిన పాత వీసీఆర్ ఒకటుండేది, నెత్తిన ఒక దెబ్బ వేస్తే నడిచేది. లైబ్రరీలో గంటసేపు వెతికి మూడు క్యాసెట్లు తెచ్చాను. ఒకటి దేవుళ్లది, ఒకటి నవ్వులది, ఒకటి ఏడుపుది. ఏ జబ్బుకు ఏ మందు పనిచేస్తుందో తెలియనప్పుడు మూడూ కలిపి మింగించే వైద్యం అన్నమాట. దేవుళ్లంతా వరసగా వచ్చి నిలబడినా ఆమె కన్నెత్తి చూడలేదు. నవ్వుల సినిమాకు మేం నవ్వుతుంటే "లొల్లి తగ్గించుండ్రి" అంది. ఏడుపు సినిమాకు అమ్మ ఏడ్చింది. అమ్మకు కాలు బాగానే ఉంది.

మర్నాడు క్యాసెట్లు వెనక్కి ఇవ్వడానికి వెళ్లి చాచాతో జగడం వేసుకున్నాను.

"నీ సామాన్ మంచిగ లేదు చాచా. మూడు తీస్కపోయిన, ఒక్కటన్న పని చెయ్యలే. ఇంకోటి కొసరు ఇయ్యాలె."

చాచా పకపకా నవ్వారు. "దుకాణపోళ్ల బిడ్డ అనిపిచ్చుకున్నవ్ బేటీ. అసలు ఎవరి కోసం తీస్కపోయినవ్?"

చెప్పాను. నాయనమ్మకు ఏ సినిమాలు ఇష్టమని అడుగుతారనుకున్నాను. అలా అడగలేదు. "పడకముందు దినమంత ఏం జేస్తుండె ఆమె?" అన్నారు.

"ఏం జెయ్యదు. అరుగు మీద కూసుంటది. వచ్చేటోళ్లను పోయేటోళ్లను చూస్తది. తిడతది."

చాచా కాసేపు గడ్డం నిమురుకున్నారు. "బస్. సమజైంది. ఐతారం రా."

ఆదివారం వెళితే నల్లటి క్యాసెట్ ఒకటి చేతిలో పెట్టారు. అట్ట లేదు, పేరు లేదు. చెంబును తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూశాను. ఎంతసేపు ఉంటుందన్నాను. కొసరుకు తూకం ఉండదన్నారు. "గాని ఒక షర్త్ బేటీ. గిది మంచిగున్నదని మీ నాయనమ్మకు చెప్పొద్దు. పెట్టు, పక్కకు కూసో. నోరు తెరిస్తే నా క్యాసెట్ నాకు వాపస్ ఇయ్యి."

సరుకు చేతిలో పెట్టుకుని పొగడకుండా ఉండటం మా వంశంలో ఎవరికీ చేతకాలేదు. అయినా ఒప్పుకున్నాను. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం అంతకంటే చేతకాదు కనుక.

వీసీఆర్ నెత్తిన దెబ్బ వేశాను. తెర మీద మా వీధి కనిపించింది. పొద్దుటి వేళ, షట్టర్లు ఒక్కొక్కటే గరగరమని పైకి లేస్తున్నాయి. ఎవరో దుకాణం ముందు నీళ్లు చల్లుతున్నాడు. ఒక మేక తీరిగ్గా రోడ్డు దాటుతోంది. కెమెరా మనిషి నిలబడ్డ ఎత్తులో లేదు, అరుగు మీద కూర్చున్న ఎత్తులో ఉంది. అందుకే ముఖాల కంటే నడకలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. సంచీ ఊపుకుంటూ ఒకాయన అంగళ్లన్నీ చూస్తూ దగ్గరికొస్తున్నాడు. నా నాలుక దురద పెడుతోంది. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

"వాడు కొనడు."

గోడవైపు నుంచి వచ్చింది ఆ మాట. తిరిగి చూస్తే నాయనమ్మ మోచేతి మీద లేచి తెరవైపు చూస్తోంది. సంచీ ఆయన నిజంగానే ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఫలానా ఆమె కాళ్లకు ఇంకా ఆ పాత చెప్పులేనా అంది, మూల హోటలువాడు బల్లలు తుడవడం ఎప్పుడు నేర్చుకుంటాడంది. అమ్మ వంటింట్లోంచి, బాపు వాకిట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఇంతలో కెమెరా రోడ్డు దాటి, వెనక్కి తిరిగి, మా దుకాణాన్ని చూపించింది. కొత్తగా వేలాడదీసిన బకెట్లు, లోపల బాపు. అరుగు మీద నాయనమ్మ కూర్చునే చోట మనిషెత్తు అట్టడబ్బాలు.

నాయనమ్మ లేచి కూర్చుంది. "నా జాగల డబ్బాలు ఎవడు పెట్టిండురా?"

బాపు ఏదో గొణిగాడు. ఆమె వినలేదు. "నేను సచ్చిన్నా? నా కర్ర ఇటియ్యి!" అంటూ మంచం మీంచి కాళ్లు కిందికి దించింది. నొప్పికి కేక వేసింది, బాపును తిట్టింది, అమ్మ భుజం పట్టుకుని నిలబడింది. ఆ రోజు వాకిలి దాకానే వెళ్లగలిగింది. కొన్నాళ్లకు వీధి మలుపు దాకా. ఇంకొన్నాళ్లకు దుకాణం అరుగు చేరి, అక్కడ డబ్బాలేవీ లేకపోవడం చూసి, తనకు భయపడే తీసేశారంది.

తీసేయడం కాదు, అవి అక్కడ ఎప్పుడూ లేవు. బాపు తర్వాత నాతో చెప్పాడు. ఆ శనివారం చాచా కెమెరాతో వచ్చి, "అన్నా, గా డబ్బాలు జెర అరుగు మీద పెట్టు, తీసినంక లోపలేస్కో" అన్నారట. ఎందుకని బాపు అడిగితే కొసరు అన్నారట. నేను పరిగెత్తుకుంటూ లైబ్రరీకి వెళ్లాను.

"మోసం జేసినవ్ గద చాచా!"

"దాన్ని మోసం అనరు బేటీ, డైరెక్షన్ అంటరు," అన్నారు ఆయన, క్యాసెట్ల దుమ్ము దులుపుతూ. "సినిమా మంచిదా, ఖరాబా అనేది తర్వాతి ముచ్చట. ముందుగాల చూసే మనిషిని చూడాలె."

మూల టీవీలో పావురాలు ఎగురుతున్నాయి. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. ఒక పావురం మిగతావాటి వెంట వెళ్లకుండా పిట్టగోడ మీదే ఉండి, ఎగరాలా వద్దా అని తలాడిస్తోంది. అది చివరికి ఎగిరేదాకా చూశాను. ఎంతసేపు ఉంటుందని అడగడం మరిచిపోయాను.

నాయనమ్మ ఆ తర్వాత చాలా యేళ్లు అరుగు మీదే కూర్చుంది. లైబ్రరీ సీడీలకు మారి, ఆ తర్వాత సెల్‌ఫోన్ల అంగడి అయింది. నేను మాత్రం బేరాలు మానలేదు. ఇప్పటికీ కొత్తిమీర కొసరు లేనిదే కూరగాయల బండి దగ్గర్నుంచి కదలను. కానీ ఎవరైనా ఫోన్ చేసి మంచి సినిమా ఒకటి చెప్పమంటే, నా నోట ముందుగా సినిమా పేరు రాదు. ఎవరు చూస్తారు, వాళ్లు ఇదివరకు పొద్దంతా ఎక్కడ గడిపేవారు అని అడుగుతాను. మేనల్లుళ్లు విసుక్కుంటారు. సినిమాకు పెళ్లిచూపులా అత్తా అంటారు.

ఈ మధ్య మలక్‌పేటలో ఉండే నా స్నేహితురాలు టీచరుగా రిటైరై, తోచక ముడుచుకుపోయింది. అందరూ పెద్ద పెద్ద సినిమాల పేర్లు పంపారు. ఎవరో కుర్రవాళ్లు తీసిన చిన్న సినిమా ఒకటి నా కంటపడింది. కథేమీ లేదు, ఒక తరగతి గదిలో బెల్లు కొట్టకముందు పిల్లల అల్లరి, అంతే. ఒక్క ముక్క రాయకుండా లింకు పంపాను. సాయంత్రం తనే ఫోన్ చేసింది. "చివరి బెంచీ పిల్ల పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తోంది, చూశావా? నా క్లాసులో అయితేనా..." అని మొదలుపెట్టి, ఆపకుండా అరగంట తిట్టింది.

నా నాలుక మళ్లీ దురద పెట్టింది. పళ్లు బిగబట్టుకుని విన్నాను. చాచా షరతు ఇంకా నడుస్తూనే ఉంది.