వ్యానులో పోసిన నీళ్లు

ఒకసారి ఒకాయన నన్నొక ప్రశ్న అడిగాడు. నేను "లేదు" అన్నాను. అంతే జరిగింది. ఆ ఒక్క మాట ఇన్నేళ్లుగా నన్ను వదలలేదు. పూజలో కూర్చుంటే పక్కనే కూర్చుంటుంది. అన్నం వడ్డిస్తుంటే చెయ్యి బరువెక్కిస్తుంది. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు, ఆవిడ వినకుండానే వెళ్లిపోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. నా ముఖం మీరు చూడరు కాబట్టి కూడా కావచ్చు. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు.

నా పేరు రాయను. ఆయన పేరు మార్చి లింగయ్య అంటాను.

మాది గుంటూరు వైపు. నేను బడికి వెళ్లలేదు. మా నాన్న ఇంట్లోనే పలక పట్టించి, పురాణాలు చదివించి, రాయడం నేర్పాడు. సంధ్యాదీపం పెట్టాక ఆ రోజు దేవుడిచ్చినవన్నీ ఒక్కొక్కటీ తలుచుకుని దణ్ణం పెట్టుకోవాలని కూడా ఆయనే నేర్పాడు. పాలు విరగకుండా కాగినా, జ్వరం దిగినా, వాన పడినా దణ్ణమే. పెళ్లయి హైదరాబాదులో కొత్తపేట వచ్చాక కూడా అది మానలేదు. మా వరస ఇళ్లలో ఆడవాళ్లందరూ నాకంటే చదువుకున్నవాళ్లే. అయినా తిథి ఎప్పుడు వెళ్లిపోతుంది, వ్రతానికి ఏం సర్దుకోవాలి అని అడగడానికి నా దగ్గరికే వచ్చేవాళ్లు. చదువు లేదన్న చిన్నతనం నాకు అక్కడ తీరేది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసినదానికి వేరు ఇక్కడే ఉందని అనుమానం.

లింగయ్య మా పక్క వాటాలో కిరాయికి ఉండేవాడు. నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చినవాడు. ఆయనా మా ఆయనా కలిసి ఒక పాత వ్యాను కొని బడిపిల్లలను తిప్పేవాళ్లు. పొద్దున మా ఆయన, సాయంత్రం లింగయ్య. మా ఆయనను అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. అవి తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఏ రోజు ఏమవుతుందో తెలిసేది కాదు. వ్యాను అద్దానికి ఒక మూల జై తెలంగాణ స్టిక్కరు, ఇంకో మూల మా అమ్మవారి పటం. తెలంగాణ వస్తే మీకు వీసా కావాలని లింగయ్య ఏడిపించేవాడు. వీసా కొట్టేవాడివి నువ్వే కదా, రోజూ కాఫీ మా ఇంట్లోనే తాగుతున్నావు, ఆపేస్తే సరి అని మా ఆయన. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు అబద్ధం కాదు. నేను చూశాను కదా.

అప్పుడు సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూసేశారు. వ్యాను ఇంటి ముందు ఊరికే నిలబడింది. ఎటూ ఖాళీయే కదా, లోపలి ఫ్లోరు సంగతి చూద్దామని ఇద్దరూ రబ్బరు మ్యాటు ఎత్తారు.

మ్యాటు కింద ఇనుము అప్పడంలా పొరలు పొరలుగా లేచివచ్చింది. తుప్పును లింగయ్య జంగు అనేవాడు. పిల్లలెక్కే తలుపు దగ్గర, డ్రైవరు సీటు వెనక, జంగు బాగా తినేసింది. వేలు పెట్టి నొక్కితే కిందికి దిగిపోతోంది. అన్నిచోట్లా లేదు, అక్కడే. ఎందుకని వాళ్లు అనుకుంటుంటే నాకు తెలిసిపోయింది. ప్రతి శుక్రవారం నేను వ్యాను కడిగేదాన్ని. బయట కడిగితే చాలదని లోపల కూడా పసుపునీళ్లు చల్లేదాన్ని. తలుపు అంచు నాకు గడపలా అనిపించేది. పర్వదినాల్లో కొబ్బరికాయ అక్కడే కొట్టి, ఆ నీళ్లు లోపలికి పారేటట్టు ఒంచేదాన్ని. పైన మ్యాటు పరిచేస్తే ఆ తడి ఎక్కడికి పోతుంది?

మా ఆయనకు అర్థమైంది. "నీ భక్తికి దేవుడు కరిగాడో లేదో గానీ, రేకు మాత్రం కరిగిందే" అన్నాడు. లింగయ్య కూడా నవ్వాడు. అందులో చెడ్డ ఏమీ లేదు, ఎవరైనా నవ్వుతారు. కానీ నాకు ఇంట్లో ఉన్న గౌరవమంతా దేవుడి గదిలోనే ఉంది. దాన్ని పట్టుకుని నవ్వారు. నేను లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

వాళ్లు ఆ ఫ్లోరుకు చాలా శ్రమపడ్డారు. ఎక్కువగా లింగయ్యే. ఎల్బీ నగర్‌లో సగం షట్టరు వేసుకున్న ఒక వెల్డింగు షాపువాణ్ణి బతిమాలి పిలుచుకొచ్చాడు. కుళ్లిన రేకు కోయించి కొత్త ముక్క వేయించాడు. మిగిలిన ఇనుమంతా మెరిసేదాకా వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో గీకాడు. కనురెప్పల మీద ఎర్రటి పొడితో నీళ్ల కోసం మా గుమ్మంలోకి వచ్చేవాడు. ఆ పైన రెడ్ ఆక్సైడ్, అంటే తుప్పు పట్టనివ్వని ఎర్ర పూత, వేశాడు. అది బాగా ఆరాక తారులాంటి నల్ల పూత వేయాలి. ఈలోపు దసరా వచ్చింది.

పండుగకు ముందు రోజు లింగయ్య ప్రత్యేకంగా వచ్చి నాకు చెప్పాడు. ఈసారి బండి లోపల చుక్క నీళ్లు పడొద్దన్నాడు. కొత్త ముక్క పాత రేకు మీద కూర్చున్న చోట సన్నటి సందు ఉంటుందట. అందులో తడి ఉండగా పైన నల్ల పూత పడితే తడి బయటికి రాలేదు, లోలోపలే తింటుంది, పైకి ఏమీ కనబడదు. దేవునికి బయట మొక్కినా అందుతదిలే వదినా అని కూడా అన్నాడు. నేను సరేనన్నాను.

పండుగ పొద్దున మా ఆయన బూడిద గుమ్మడికాయ కోసం వెళ్లాడు. నేను వ్యాను ముందు చెంబు పట్టుకుని నిలబడ్డాను.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నను ఎన్నిసార్లు వేసుకున్నానో. బండ్ల మీద రాళ్లు పడుతున్న రోజులు, మా ఆయన మాట తీరు వింటేనే ఏ ఊరివాడో తెలిసిపోతుంది, ఆయనకు ఏమైనా అవుతుందేమోనని భయపడి చేశానని నాకు నేనే చాలాకాలం చెప్పుకున్నాను. భయం ఉన్నమాట నిజమే. కానీ చెంబు ఒంచేటప్పుడు నా మనసులో ఉన్నది భయం కాదు. దేవుడికి ఎక్కడ మొక్కాలో వీళ్లా నాకు చెప్పేది అన్న కోపం. పూజ చేస్తున్న చేతిలో ఉన్నది ఆ కోపమే.

మూలమూలలా పసుపునీళ్లు పోశాను. తలుపు అంచున కాయ కొట్టి, ఆ నీళ్లు లోపలికి ఒంచాను. ఎర్రటి పూత మీద పారుతూ వెళ్లి, కొత్త ముక్క అంచు దగ్గర ఆగి, ఆ నీళ్లు సందులోకి ఇంకిపోయాయి. నేను చూశాను. తెలియక చేశానని చెప్పడానికి నాకు దారి లేదు. వెంటనే పాత నూలు చీర తెచ్చి పసుపు మరక కనబడకుండా తుడిచాను. పైన ఆరింది.

మర్నాడు లింగయ్య వచ్చి అరచేత్తో రాసి చూసి, మంచిగ ఆరిందన్నాడు. నల్ల పూత డబ్బా మూత తీశాడు. నేను కాఫీ గ్లాసుతో పక్కనే ఉన్నాను. "ఆగు లింగయ్యా" అంటే సరిపోయేది. మరో నాలుగు రోజులు ఎండబెట్టేవాడు. నవ్వేవాడేమో. నవ్వితే ఏం పోయింది? కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేశాను. ఆ తర్వాత ఒక్క శుక్రవారం కూడా లోపల నీళ్లు పోయలేదు. అది చాలనుకున్నాను.

రెండో వానాకాలంలో జరిగింది. సాయంత్రం పిల్లలను దింపుతున్నాడు లింగయ్య. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ఏదో అడ్డొచ్చి బ్రేకు వేశాడు. తలుపు దగ్గర నిలబడ్డ రెండో తరగతి పిల్ల తూలి, కాలు గట్టిగా మోపింది. కాలు ఫ్లోరులోంచి కిందికి వెళ్లిపోయింది. బండి ఇంకా పూర్తిగా ఆగలేదు.

అంతకంటే రాయలేను. పిల్ల బతికింది. పాదం మాత్రం వంకరగానే అతుక్కుంది.

దవాఖాన నుంచి లింగయ్య రక్తం అంటిన చొక్కాతోనే వచ్చాడు. పిల్ల తండ్రి, ఇరుగుపొరుగు, అందరూ వ్యాను చుట్టూ మూగారు. మా ఆయన వంగి ఆ కన్నం చూశాడు. పైన నల్ల పూత నిగనిగలాడుతోంది, దాని కింద ఇనుము తడి బెల్లంలా చేతికి వస్తోంది. గీకకుండా పైన పూసేసి మోసం చేశావని అరిచాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "మీవాళ్లకి జెండాలు మొయ్యడం తప్ప పనెప్పుడు చేతనైంది" అని. వాకిట్లో అందరి ముందు. లింగయ్య మొహం మీద కొట్టినట్టయిపోయాడు. నేను శుద్ధంగా చేసిన అన్నా అని మాత్రం అన్నాడు. ఎవరూ వినలేదు.

కాసేపటికి మా గుమ్మంలోకి వచ్చాడు. నేను అప్పుడే దీపం పెట్టి లేచాను.

"వదినా, ఒక్క మాట. దసరా నాడు లోపల ఏమన్న నీళ్లు పోసినవా?"

"లేదు లింగయ్యా."

ఆయన నా ముఖంలోకి చూశాడు, నా వెనక వెలుగుతున్న దీపాన్ని చూశాడు.

"నువ్వు అబద్ధమాడవు వదినా, దేవుని మనిషివి. గట్లయితే నా చెయ్యే తప్పింది. ఏడనో గీకకుండ ఇడిసిపెట్టిన."

ఇంకెవరైనా లేదంటే ఆయన మళ్లీ అడిగేవాడు. నా మాట కాబట్టి అడగలేదు. నా నోటి మీద నమ్మకంతో, చెయ్యని తప్పును తన నెత్తిన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అది అయ్యాక నేను మళ్లీ దీపం ముందు కూర్చున్నాను. అలవాటు. పిల్ల బతికినందుకు దణ్ణం పెట్టాను. ఆ పూట బండి నడిపింది మా ఆయన కానందుకు దణ్ణం పెట్టాను. దసరా పొద్దున నన్నెవరూ చూడనందుకు కూడా దణ్ణం పెట్టాను. చేతులు జోడించి ఉండగానే ఏం అంటున్నానో వినబడింది. అయినా చేతులు తియ్యలేదు.

బడివాళ్లు లింగయ్యను రావద్దన్నారు. వ్యానులో తన వాటా ఆ పిల్ల వైద్యానికి వదిలేసి, అబ్దుల్లాపూర్‌మెట్ అవతలికి వెళ్లిపోయాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదని, ఏదో గోదాములో కాపలా ఉంటున్నాడని విన్నాను. పిల్లను చూడడానికి పళ్లు పట్టుకుని వెళ్తుండేవాడట. మిమ్మల్ని చూస్తే పిల్ల భయపడుతోందని తండ్రి చెప్పాక మానేశాడట.

రాష్ట్రం వచ్చింది. మేము ఇక్కడే ఉన్నాం, ఎవరూ మమ్మల్ని వెళ్లమనలేదు. మా ఆయన మాత్రం ఇంటికెవరొచ్చినా ఆ వ్యాను కథ చెబుతాడు. వాళ్ల పనితనం ఇంతేనండీ అని ముగిస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు. నమ్మిన స్నేహితుడు మోసం చేశాడనే బాధ అలా మారింది. వచ్చినవాళ్లు తలలూపుతారు. నేను మజ్జిగ ఇస్తాను. మా ఇంట్లో ఆ ద్వేషానికి నీళ్లు పోసి పెంచింది ఎవరో నాకొక్కదానికే తెలుసు.

ఒకసారి కొత్తపేట రైతుబజారులో లింగయ్య కనిపించాడు. జుట్టంతా నెరిసింది. ఆయనే పలకరించాడు. అన్న మంచిగున్నడా అని అడిగాడు. వెళ్లబోతూ ఆగి, ఆ పిల్ల కాలు ఇప్పటికీ కలలోకి వస్తోందని, తనను క్షమించమని దేవుడికి ఒక్కసారి మొక్కమని నన్ను అడిగాడు. నీ నోటితోని అడిగితే ఇంటడు వదినా అన్నాడు. కూరల మధ్య, జనం తోసుకుంటుంటే, నేను అలాగే అన్నాను. ఆ సాయంత్రం నిజంగానే మొక్కాను. లింగయ్యను క్షమించు స్వామీ అని. పసుపునీళ్లు పోసింది నేనైతే, ఆయన పేరు చెప్పి క్షమాపణ అడిగాను. ఇంతకంటే దిగజారే చోటు నాకు తెలియదు.

ఎందుకు చెప్పలేదు? మా ఆయన ఏమంటాడోనని? ఆ పిల్ల తండ్రి వస్తాడని? ఇప్పుడైనా బస్సెక్కితే గంటలోపు అబ్దుల్లాపూర్‌మెట్. వెళ్లలేదు. రేపు వెళ్తానని రాస్తే మీరు సంతోషిస్తారు, అందుకే రాయడం లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు. దేవుణ్ణి అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఒక్కటే రాయగలను. లింగయ్య ఆ ఇనుమును ఎక్కడా వదలకుండా గీకాడు. ఆయన చెయ్యి తప్పలేదు. నీళ్లు నేను పోశాను. అడిగినప్పుడు లేదన్నాను.

రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. నా గొంతులో ఈ మాట వినడం ఇదే మొదలు.