అవ్వ ఎడమకాలు

జులై ఒకటిన నాకు జన్మదిన శుభాకాంక్షలు పంపొద్దని బ్యాంకువాళ్ళకు ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. నేను పుట్టింది ఆ రోజు కాదు. (ఏ రోజో మా అమ్మకూ తెలియదు, వాన పడుతోందని మాత్రం గుర్తట.) ఆ తేదీ, బళ్ళో వేసిననాడు హెడ్‌మాస్టరుగారు దయచేసింది.

ఆ రోజుల్లో ఇక్కడ దక్షిణాఫ్రికాలో, తెల్లవాళ్ళ పాలన పోయి, డర్బన్‌లో విడదీసినవన్నీ కలుపుతున్నారు. రంగును బట్టి వేరుగా ఉన్న ఆసుపత్రుల రికార్డులనూ ఒక్కటి చేయాలన్నారు. దానికి కంప్యూటరు ప్రోగ్రాం రాసి పరీక్షించేది హైదరాబాదు టీము; దాన్ని ఇక్కడి క్లినిక్కుల్లో పెట్టేది నేను. అన్ని పరీక్షలూ పాసయ్యాయని వాళ్ళనేవారు, నేను నమ్మేవాణ్ణి. ఒకరి పనినొకరు అనుమానించడం మర్యాద కాదని ఇరుపక్షాల అభిప్రాయం. దాన్నే క్వాలిటీ అనుకునేవాళ్ళం.

డర్బన్ శివారు ఫీనిక్స్‌లో నేను అద్దెకున్న ఇంటి తెలుగు అవ్వకు చక్కెర జబ్బు. మాత్రలు ముందురోజే అయిపోయాయి. ప్రోగ్రాం మొదలైన ఉదయం ఆమెను నేనే వెంటబెట్టుకుని క్లినిక్కుకు వెళ్ళాను, కొంత గర్వంగానే. జులూ నర్సు తెర చూసి, అవ్వను చూసి, వాళ్ళ భాషలో అవ్వా అని పిలిచి, గౌరవంగా అంది: "గోగో, మీ ఎడమకాలు తీసేసినట్టుందే."

"అయితే ఈ చెప్పు ఎవురిది, సిస్టర్?"

నర్సు నవ్వలేదు. కాలు వేరొకరిదైతే మందు మోతాదూ వేరొకరిదే కావచ్చు, పాత కార్డు చూడందే మాత్రలివ్వనంది. పాత కార్డులను అప్పటికే గోదాముకు పంపేశాం (నా సలహాయే). అవ్వ బెంచీ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ప్రభువా" అంటోంది.

హైదరాబాదుకు ఫోన్ చేశాను. మేమంతా గురువుగారని పిలిచే టీము పెద్ద ఎత్తారు.

"పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ మూడూ కలిస్తే ఒకే మనిషి కదయ్యా! మా దగ్గర అన్నీ పాసే."

"మీ పుట్టినరోజెప్పుడు గురువుగారూ?"

"జులై ఒకటి. హెడ్‌మాస్టరు వేశాడు."

"మీ పక్కాయనది?"

పక్కాయన్ని అడగడం ఫోన్లో వినబడింది. "జులై ఒకటేనయ్యా," అన్నారు నీరసంగా.

ఇక్కడ పుట్టినతేదీ తెలియని ముసలివాళ్ళకు ఆఫీసుల్లో జనవరి ఒకటి వేసేవారు. అవ్వ పేరూ, అవ్వ ఇంటిపేరూ, అదే ఏడాది జనవరి ఒకటీ ఉన్న ఇంకొకామె ఎక్కడో ఒంటికాలితో ఉంది. ఆమె ఆరోజు మందుకు రాకపోవడమే మా అదృష్టం. మధ్యాహ్నానికి కార్డు దొరికింది, అవ్వకు మాత్రలందాయి. అప్పటినుంచి ఏ పరీక్షలోనైనా ముందు హెడ్‌మాస్టర్ల బిడ్డలమైన మా వివరాలే వేసుకునేవాళ్ళం; వాళ్ళు పాసన్నదాన్ని ఇక్కడ నేను ఫెయిలు చేయడానికే కూర్చునేవాణ్ణి. మర్యాద తగ్గింది, పని బాగుపడింది. తెరమీది మాటను అంతగా గౌరవించిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది.

ఆ సాయంత్రం అవ్వ నా కంచంలో పప్పు వడ్డిస్తూ అంది: "మిషనుకు కండ్లు లేవు, సరే. నువ్వు నాతోనే నడిచి వస్తివి గదా అబ్బాయ్. సిస్టర్ చెప్పంగనే, వంగి నా కాలు చూస్తివే, ఎందుకు?"