గోరు తగలకూడదు

మా బావని వీధిలో అందరూ గోరు మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు కుడి బొటనవేలి గోరు దాని మీద నడిపించి చూస్తాడు, అందుకని ఆ పేరు. కొత్త గిన్నె కొంటే అంచు మీద గోరు. పక్కింటివాళ్ళు తలుపుకి రంగు వేయించుకుంటే, పిలవకపోయినా వెళ్ళి గోరు. మా అక్కని చూసుకోవడానికి మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజున కూర్చున్నంతసేపూ కుర్చీ చెయ్యి గోకుతూనే ఉన్నాడు. అక్క ముఖం చూశాడో లేదోనని నాకిప్పటికీ అనుమానమే.

అసలు అనుమానం అన్నది ఆ ఇంట్లో ఆయన సొత్తు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటాడు. అలాంటి మనిషి ఒకసారి నన్నే దొంగని చేశాడు. ఇరవై రెండేళ్ళు ఒకే కప్పు కింద పనిచేసిన సొంత బావమరిదిని! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బావ చేసేది చెక్క కలాలు. పైకి కనిపించేది చెక్కే గానీ లోపల ఇత్తడి గొట్టం ఉంటుంది. వేలెడు చెక్క ముక్కకి నిలువునా బెజ్జం వేసి, గొట్టానికి జిగురు రాసి అందులోకి దూర్చాలి. గొట్టం నున్నగా ఉంటే జిగురు పట్టదు కాబట్టి ముందు ఉప్పు కాగితంతో దాని ఒళ్ళంతా గీరాలి. మర్నాడు జిగురు ఆరాక ఆ ముక్కని ఇనుప కడ్డీకి గుచ్చి, రెండు కొసలా కొలత ఉంగరాలు తొడిగి లేతు మీద తిప్పాలి. ఉలి ఆనించి చెక్కని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, సరిగ్గా ఉంగరం అంచుకి సమానం అయ్యేదాకా రావాలి. అక్కడ ఆగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా, తర్వాత బిగించే ఇత్తడి కొస దగ్గర మెట్టు తేలుతుంది. ఆ మెట్టుని కళ్ళు పట్టలేవు, గోరు పడుతుంది. ఉంగరం మీదనుంచి చెక్క మీదికి గోరు జారిస్తే ఎక్కడా తగలకూడదు. "గోరు తగలకూడదు" అన్న మాట ఆ ఇంట్లో రోజుకి నలభైసార్లు వినబడుతుంది.

వెనక గదిలో పెద్ద లేతు, బావ. నడిమి గదిలో నున్నజేసే చిన్న లేతు, ఉప్పు కాగితాలు, పాలిష్ గుడ్డలు, మా అక్క. ముందు గదిలో బిగింపు ప్రెస్సు, పాళీలు, క్లిప్పులు, నేను. నా దగ్గర కలం పూర్తయి పెట్టెలోకి వెళ్తుంది. వారానికోసారి ఆ పెట్టెని దుకాణంలో ఇచ్చి వచ్చేదీ నేనే.

వానలు పడుతున్న రోజుల్లో ఓ పొద్దున బావ ముందు గదిలోకి వచ్చి పెట్టెలోంచి ఓ కలం తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గోరు నడిపాడు.

"ఎవరిదిరా ఇది?" అన్నాడు.

"ఎవరిదేమిటి బావా! నిన్న నువ్వు తిప్పిందే."

"నాది కాదు. పని బాగానే ఉంది, గోరు తగలడం లేదు. కానీ నాది కాదు."

"అయితే నీ లేతు పిల్లల్ని పెట్టిందేమో."

ఆయన నవ్వలేదు. "నా కలానికి నడుముంటుంది. పట్టుకునే చోట కాస్త లోపలికి పోతుంది. దీనికి నడుమేదీ? కర్రముక్కలా తిన్నగా ఉంది."

నేను కొట్టిపారేశాను గానీ, ఆయన వెళ్ళాక చూస్తే నిజమే. నడుము లేదు. పట్టుకున్నది వదిలే రకం కాదు మా బావ. మొదట చెక్క ఇచ్చేవాణ్ణి అనుమానించాడు, పచ్చి చెక్క అంటగడుతున్నాడని. తర్వాత దుకాణంవాణ్ణి. ఆ తర్వాత అనుమానం మెల్లిగా గడప దాటి నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఎవడి దగ్గరో చవకగా తిప్పించిన కలాలు నేను సంచిలో తెచ్చి పెట్టెలో సర్దుతున్నానట. ఆయన అసలు కలాలు ఇంకెక్కడో అమ్ముకుంటున్నానట.

"ఆ సంచిలో ఏముందిరా?" అన్నాడు ఒకరోజు గుమ్మంలోనే.

"గొడుగు."

"గొడుగులో?"

"గొడుగులో ఏముంటాయి బావా, ఊచలుంటాయి!"

విప్పించి చూశాడు. ఊచలే ఉన్నాయి. దానికీ ఆయన ముఖం తేటపడలేదు, రేపు చూస్తానన్నట్టు తల ఆడించి లోపలికి పోయాడు.

పెట్టెకి నల్ల దారం చుట్టి ముడి గుర్తు పెట్టుకున్నాడు. దుకాణానికి వెళ్తుంటే ఇరవై అడుగుల వెనక గొడుగు అడ్డం పెట్టుకుని వచ్చాడు. ఆ వీధిలో అంతెత్తు మనిషి ఇంకొకడు లేడన్న సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు. పొగలు కక్కే టీ గ్లాసుని బొటనవేలితో అదిమి పట్టుకుని పావుగంట నా వీపు వెనకాల నిలబడేవాడు. చెయ్యి కాలదా అనిపించేది గానీ, నేనున్న కోపంలో కాలితే కాలనీ అనుకునేవాణ్ణి.

ఇంటికెళ్ళి మా ఆవిడతో, "ఇక ఆ గడప తొక్కను" అన్నాను. తొక్కకుండా ఎక్కడికి పోతాను? నాకు బిగింపు తప్ప మరో పని రాదు. పైగా ఇప్పుడు మానేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే. ఇరవై రెండేళ్ళుగా సంపాదించుకున్న పేరు ఆ పెట్టెలో పడి ఉంది. దాన్ని అక్కడ వదిలేసి రాలేను.

అన్నిటికంటే నన్ను కోసింది మా అక్క. "నువ్వైనా చెప్పు అక్కా, నేనలాంటివాణ్ణా?" అని అడిగితే, "ఆయన సంగతి నీకు తెలీదా, పోనీలేరా" అని నీళ్ళు నమిలింది. కన్నెత్తి నా వైపు చూడలేదు. చిన్నప్పుడు నన్ను ఎవరు ఒక్క మాటన్నా వీధిలోకొచ్చి దుమ్ము దులిపేది. అలాంటిది చిన్న లేతు వైపు తిరిగి, "ముతక ఉప్పు కాగితం ఈసారి రెండింతలు తీసుకురా" అంది. తెచ్చి బల్ల మీద పడేశాను. ఎందుకని కూడా అడగలేదు. మొగుడూ పెళ్ళాం కలిసి నన్ను సాగనంపడానికి వేసిన ఎత్తేమో ఇది అని నాకూ అనుమానం మొదలైంది. ఆ ఇంటి గాలి అలాంటిది.

ఓ ఆదివారం పొద్దున బావ కబురు పెట్టాడు. వెళ్ళేసరికి పక్క కొట్టు గడియారాల మెకానిక్కుని కూడా పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. పాపం ఆయన అద్దం కంటికి పెట్టుకుని పనిలో ఉండగా లేపుకొచ్చినట్టున్నారు, అద్దం ఇంకా నుదుటి మీదే ఉంది. బల్ల మీద కలాల పెట్టె, వైసు, ఉలి.

"వారం రోజులుగా గొట్టాలకి జిగురు పెట్టేముందు, ఆకురాయి అంచుతో ప్రతి గొట్టం మీదా మూడు గీతలు గీశాను" అన్నాడు బావ. "నాకు తప్ప ఎవరికీ తెలీదు. పైన చెక్క కప్పేసింది కాబట్టి ఎవడికీ కనబడదు. ఈ పెట్టెలో ఉన్నవి ఈ వారం కలాలు. చెక్క చీల్చితే మూడు గీతలు కనబడాలి. కనబడకపోతే..." అని నా వైపు చూశాడు.

"కనబడకపోతే నేను దొంగని. కనబడితే?" అన్నాను.

"చీల్చనీ" అన్నాడు.

మెకానిక్కు కళ్ళు మూసుకుని పెట్టెలోంచి ఒకటి తీశాడు. బావ కొసలు ఊడదీసి, చెక్కని వైసులో బిగించి, ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. ఆ చప్పుడికి నడిమి గదిలో అక్క తిప్పుతున్న చిన్న లేతు ఆగిపోయింది. చెక్క పెచ్చులుగా లేచింది. నేను చేసిన తప్పేమీ లేదు. అయినా, ఒకవేళ గీతలు జిగురులో చెరిగిపోతే? ఒకవేళ ఆ ఒక్క గొట్టానికి గీయడం మర్చిపోయి ఉంటే? నా బతుకు ఈయనగారి ఆకురాయి మీద ఆధారపడి ఉందే!

జిగురు గీకేసరికి మూడు గీతలు బయటపడ్డాయి. పక్కపక్కనే, తిన్నగా.

బావ ఇంకోటి చీల్చాడు. మూడు గీతలు. మరొకటి. మూడు గీతలు.

"ఇంక చాలు మాస్టారూ, మంచి సరుకు పాడవుతోంది" అన్నాడు మెకానిక్కు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేసేవాణ్ణే, కానీ బావ ముఖం చూసి ఆగిపోయాను. ఆయన చెక్క పెచ్చులు ఏరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూస్తున్నాడు.

"గొట్టం నాది, చెక్కా నాదే" అన్నాడు తనలో తాను. "పైన చెయ్యి మాత్రం నాది కాదు. ఈ ఇంట్లో ఉన్నవి రెండు లేతులే."

మెల్లిగా నడిమి గది వైపు తిరిగాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ముతక ఉప్పు కాగితం.

"నేనే" అంది.

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"ఎందుకు?"

అక్క లోపలికెళ్ళి కడ్డీలకి గుచ్చి ఉన్న రెండు చెక్కలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఒకటి నిన్న సాయంత్రం మీరు నాకిచ్చింది, అలాగే ఉంచాను. రెండోది నేను రుద్ది సరిచేసింది. కళ్ళు మూసుకుని గోరు పెట్టి చెప్పండి, ఏది తగులుతోందో."

బావ కళ్ళు మూసుకున్నాడు. ఉంగరం మీదనుంచి చెక్క మీదికి గోరు జార్చాడు. రెండోదాని మీద జార్చాడు. మళ్ళీ మొదటిది. వేలు తుడుచుకుని మళ్ళీ.

"రెండూ తగలడం లేదు" అన్నాడు బావ చివరికి.

అక్క వాటిని తీసుకుని నాకు అందించింది. మొదటిది ఇలా ముట్టుకున్నానో లేదో గోరు టక్కున ఆగింది. వెంట్రుకవాసి కాదు, రెండు మూడు వెంట్రుకల మందాన చెక్క ఎత్తుగా ఉంది. ఆ మెట్టుని దించడానికే అక్క ముతక కాగితంతో చెక్కనంతా రుద్దేది. ఆ రుద్దుడులో నడుము చెరిగిపోయేది. ఏళ్ళ తరబడి లేతు అదురు తిన్న ఆ వేలికి స్పర్శ పోయిందన్నమాట! పొగలు కక్కే టీ గ్లాసు నాకప్పుడు గుర్తొచ్చింది. కాలితే కాలనీ అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"చెప్పొచ్చుగా" అన్నాడు బావ.

"చెప్తే లేతు ఆపేస్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

"మరి నా సంగతో?" అని అరిచాను నేను. "నన్ను దొంగని చేస్తుంటే నోరు మెదపలేదేం అక్కా?"

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ పేరు ఇవాళ కాకపోతే రేపు బాగవుతుందిరా. ఆ వేలు బాగవదు" అంది.

మెకానిక్కు ఎప్పుడు లేచి వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

మూడు రోజులు పెద్ద లేతు తిరగలేదు. బావ వెనక గదిలో కూర్చుని ఉలులు నూరాడు, నూరినవే నూరాడు. అక్క భోజనానికి పిలిస్తే వచ్చాడు, తిన్నాడు, వెళ్ళాడు. నన్ను క్షమించమని ఒక్క మాట అనలేదు. ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు కాబట్టి నేనూ ఎదురుచూడలేదు.

నాలుగో రోజు పొద్దున లేతు చప్పుడు వినబడింది. గంట తర్వాత ఆయన కడ్డీతో సహా ఓ చెక్కని పట్టుకుని నడిమి గది దాటి నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"గోరు పెట్టి చూడు."

పెట్టాను. పాళీ వైపు కొస దగ్గర సన్నగా తగిలింది. తలెత్తి చూస్తే ఆయన వెనకాల గుమ్మంలో అక్క, వద్దు చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. నడుము మాత్రం అందంగా కుదిరింది, అదే ఆయన చెయ్యి. బాగుందంటే ఒక పూట సంతోషిస్తాడు. కానీ ఇన్నాళ్ళూ మోసం చేశానన్న నిందతోనే కదా నేను వేగింది?

"తగులుతోంది బావా" అన్నాను. "పాళీ కొస దగ్గర, కొంచెం."

నా కళ్ళలోకి సూటిగా చూశాడు. "నిజమేనా?"

"నిజమే."

అలవాటు చొప్పున బొటనవేలు ఎత్తాడు, తానే చూసుకుందామని. చెక్క దాకా తెచ్చి దించేశాడు. వెనక్కి వెళ్ళాడు. లేతు తిరిగింది. మళ్ళీ వచ్చాడు.

"ఇప్పుడు?"

"ఇంకా ఒక్క పిసరు."

మూడోసారి తెచ్చాడు. ఉంగరం మీదనుంచి చెక్క చివరి దాకా గోరు పోయింది, ఎక్కడా ఆగలేదు. "తగలడం లేదు" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. దాన్ని అక్క చేతికిచ్చి, "ముతక కాగితం ముట్టించకు. పాలిష్ ఒక్కటీ వెయ్యి" అన్నాడు. వెనక గదిలోకి రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే, "ఒరేయ్" అన్నాడు.

"ఏం బావా?"

"ఆ వేలి గోరు కత్తిరించుకోకు."