మూడు వందల అట్టలు, ఒక కత్తెర

ఒక్క మధ్యాహ్నంలో నా పరిశోధననూ, మా సారు పరువునూ, మా బాపు ఆదివారాన్నీ కలిపి నేల మీద పారబోసిన ఘనుణ్ని నేను. దానికి నాకు ఏ భూకంపమూ, ఏ వరదా సాయం రాలేదు. ఒక చిన్న కత్తెర, ఒక పెద్ద నోరు, అంతే. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి, మధ్యలో లేస్తే నాకు కోపం వస్తుంది.

ఎనభైలు మొదలైన కొత్త. వరంగల్ మట్టెవాడలో మాది నేత ఇల్లు. ముందు గది మగ్గానిది, మిగిలిన గది మాది. మా బాపు జకార్డు మగ్గం మీద చీరల అంచులు నేసేవాడు. నేను కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కెమిస్ట్రీ అనగానే సీసాలు, పొగలు, కంపు అనుకోకండి. నాది క్వాంటమ్ కెమిస్ట్రీ. అణువును ముట్టుకోకుండా, మంట పెట్టకుండా, దానిలోని ఎలక్ట్రాన్ల లెక్కలు కట్టి, ఏ అణువుకు ఎంత శక్తి ఉందో, ఏ రియాక్షన్ జరుగుతుందో, ఏది జరగదో చెప్పే విద్య. ఇది మా బాపుకు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

"పొయ్యి లేదు, సీసా లేదు, మందు లేదు. మరి ఏం వండుతానవురా?" అనేవాడు.

"కాగితం మీదనే వండుతా బాపూ."

"తినేది గూడ కాగితం మీదనేనా?"

అప్పట్లో నా చేతిలో ఉన్న అణువు చిన్నది. దాంట్లో రెండు ఆక్సిజన్లు, వాటి మధ్య ఒక హైడ్రోజన్. ఆ హైడ్రోజన్ ఒక ఆక్సిజన్ దగ్గర నుంచి రెండో దాని దగ్గరకు దూకుతుంది. దూకడానికి మధ్యలో ఒక గుట్ట ఎక్కాలి, నిజం గుట్ట కాదు, శక్తి గుట్ట. ఆ గుట్ట ఎంత ఎత్తో చెప్పడమే నా పని. ఇది చెప్పినప్పుడు మాత్రం బాపు కళ్లు మెరిశాయి.

"అంటే మగ్గంల నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికినట్టు?"

"అచ్చం అట్లనే!" అన్నాను. అక్కడితో ఆగితే నేను సదానందాన్ని ఎలా అవుతాను? ఎదురింటి వాళ్లు కూడా వింటున్నారని గొంతు పెంచాను. "అసలు మీ జకార్డుకు మా కంప్యూటరుకు ఫరకే లేదు బాపూ. మీకు అట్టలు, మాకు అట్టలు. మీ అట్టలకు చిల్లులు, మా అట్టలకు చిల్లులు. మీ మగ్గం చిల్లు చూసి పోగు లేపుతది, మా మిషను చిల్లు చూసి అంకె చదువుతది. సేమ్ టు సేమ్!"

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను మరిచిపోయాను, బాపు మరిచిపోలేదు.

ఆ రోజుల్లో కంప్యూటరుకు ఏం చెప్పాలన్నా ఇలాంటి అట్టల మీద చిల్లులు కొట్టి ఇవ్వాలి. ఒక్కో పరమాణువు ఎక్కడ ఉందో చెప్పడానికి ఒక్కో అట్ట. నా అణువులో తొమ్మిది పరమాణువులు, వాటి ముందు పేరు చెప్పే అట్ట ఒకటి, మొత్తం పది. హైడ్రోజన్‌ను ముప్పై అంగల్లో నడిపించాలి కాబట్టి పది ముప్పైలు మూడు వందలు. అన్నీ వరసలో ఉండాలి. ఒకటి అటూ ఇటూ అయితే ఈ అంగలోని హైడ్రోజన్ పోయి ఇంకో అంగలో తేలుతుంది. అందుకే ప్రతి అట్ట చివర వరస నంబరు కొట్టుకోవాలని మా గైడు సారు వెయ్యిసార్లు చెప్పాడు. "రేపు కొడతా సార్" అని నేను వెయ్యిసార్లు చెప్పాను. చిల్లులు కొట్టే మిషనులో రిబ్బను అరిగిపోయి అట్టల మీద అక్షరం ముక్క కూడా పడలేదు. చూడటానికి మూడు వందలూ ఒకే కడుపున పుట్టినట్టుండేవి.

మా దగ్గర కంప్యూటర్ లేదు. హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లను మా సారు ఆరు నెలలు బతిమాలితే ఒక సోమవారం మధ్యాహ్నం గంటన్నర ఇచ్చారు. నేను పోయే ముందు సారు నన్ను పిలిచాడు.

"సదానందం, నీ ఫెలోషిప్ ఈ నెలతోని అయిపోతది. శుక్రవారం కమిటీ కూసుంటది. గుట్ట ఎత్తు ఎంతనో అంకె చూపిస్తేనే ఇంకో ఏడాది. లేకుంటే నేను గూడ ఏం చెయ్యలేను. సమజైందా?"

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి సార్" అన్నాను. ఫికర్ చేయవలసినవాడు అలా అన్నాడంటే మిగతావాళ్లు రెట్టింపు ఫికర్ చేయాలి.

ఆదివారం పొద్దున బాపు అడిగాడు. "రేపటి అట్టలు మంచిగ సదురుకున్నవా?"

"డబ్బల ఉన్నయి. నువ్వే జర గట్టిగ కట్టిపెట్టు" అని చెప్పి, దోస్తులతో హనుమకొండ పోయాను. మిర్చీ బజ్జీలు తింటూ నా రాబోయే కీర్తి గురించి సాయంత్రం దాకా మాట్లాడాను. వచ్చేసరికి డబ్బా తెల్లగుడ్డలో మూటకట్టి ఉంది. మగ్గం మీద పొద్దటి పోగు పొద్దటి చోటే ఉంది, ఆ రోజు బాపు నేయలేదన్నమాట. ఎందుకు నేయలేదని నేను అడగలేదు.

సోమవారం బాపు కూడా బయలుదేరాడు. "నువ్వెందుకు బాపూ?" అంటే, "నీ చేతికి ఇస్తే డబ్బ రైల్లనే ఇడ్సిపెడ్తవ్. నేను గూడ ఆ మిషను చూస్త" అన్నాడు. రఘునాథపల్లి దాటేదాకా డబ్బాను ఒళ్లోనే పెట్టుకున్నాడు, ఆ తర్వాత కూడా దించలేదు.

సెంటర్‌లో పాస్ ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తారు. అడిగితే బాపుకు కూడా ఒకటి ఇచ్చేవాళ్లేమో. నేను అడగలేదు. కారణం మీకు తెలుసు, నాకూ తెలుసు. ఇస్త్రీ ప్యాంట్ల మధ్యకు పంచె కట్టిన మనిషిని తీసుకుపోవడానికి నామోషీ అయింది. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి పోయాను.

ఆపరేటర్ సుల్తానా మేడం. కళ్లజోడు పైనుంచి చూసే మనిషి. "వరంగల్ పార్టీ నువ్వేనా? తియ్యి, తియ్యి. టైమ్ షురూ అయింది" అంది.

మూట విప్పాను. డబ్బా మూత తీశాను. పై అట్ట పట్టుకుని లేపాను. దాని వెంట రెండోది లేచింది. రెండో దాని వెంట మూడోది. నేను చెయ్యి పైకెత్తినకొద్దీ డబ్బాలోంచి అట్టలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. మూడు వందల అట్టలనూ మా బాపు రెండు పక్కలా సన్నసూదితో, పట్టుదారంతో, జకార్డు అట్టలు కుట్టినట్టే గొలుసుగా కుట్టేశాడు. సేమ్ టు సేమ్ అన్నది నేనే మరి.

నా వెనక వరసలో ఇద్దరు హైదరాబాద్ కుర్రాళ్లు నిలబడ్డారు. వాళ్ల అట్టలు నీటుగా, నంబర్లతో ఉన్నాయి.

"ఏంది బ్రదర్, పెండ్లి తోరణమా?" అన్నాడొకడు.

"పిల్లగాని మెడల వేస్తరా, పిల్ల మెడలనా?" అన్నాడు ఇంకొకడు.

సుల్తానా మేడం కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. "యా అల్లా! ఎవరు కుట్టిన్రు ఇది?"

ఇదే, పాఠకులారా, నేను మనిషిగా జారిపోయిన చోటు. "మా బాపు" అనడానికి రెండు మాటలు చాలు. నా నోట్లోంచి మాత్రం ఇంత పెద్ద వాక్యం వచ్చింది.

"మా వాడల ఒక పిచ్చాయన ఉన్నడు మేడం. ఆయనే, నేను లేనప్పుడు..."

"సరే, సరే. నిమ్మళంగ ఇప్పు. వరస చెడగొట్టకు" అంది.

నిమ్మళమా? వెనక నవ్వులు, గోడ మీద గడియారం, ఒళ్లంతా చెమట. ఆమె బల్ల మీద కత్తెర కనబడింది. తీసుకున్నాను. కసకసా కసకసా ఎక్కడ దారం కనబడితే అక్కడ కోశాను. ఇంత తెలివిగలవాణ్ని కదా, దారం పోతే అట్టలు బుద్ధిగా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయనుకున్నాను. అవి నా మోచేతుల మీంచి, బల్ల అంచు మీంచి జారి, సగం పేలాల్లా నేల మీద చెల్లాచెదురయ్యాయి. మిగతా సగం పట్టుకోబోయి నేనే పడేశాను.

గదిలో ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్లు కూడా నవ్వలేదు. అంత ఘోరం జరిగిందన్నమాట.

"నంబర్లు ఉన్నయి గద?" అంది మేడం.

"లేవు మేడం."

"పైన ప్రింటు?"

"లేదు మేడం."

"ఖుదా హాఫిజ్" అంది, ఇక నీకు సెలవు అన్నట్టు.

శుక్రవారం కమిటీ, ఆరు నెలలు బతిమాలిన మా సారు మొహం, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. నేల మీద కూలబడి అట్టలు ఏరుతున్నాను, ఏరుతుంటే ఏడుపొస్తోంది. అప్పుడు మేడం ఒక అట్టను తిరగేసి చూసింది. "ఇదేంది? పెన్సిల్‌తోని ఏదో రాసి ఉన్నది."

చూశాను. ప్రతి అట్ట వెనకా మూలన చిన్న చిన్న గుర్తులు. ఒకటి కొంకి తిరిగి ఉంది, ఒకటి జిలేబీలా ఉంది. అవి తెలుగు అంకెలు! జకార్డు అట్టలకు నంబరు వేయకుండా సూది పట్టడు మా బాపు.

"చదువు మరి!" అంది మేడం. "నేను ఉర్దూ మీడియం. నువ్వు తెలుగోడివే గద?"

అణువు లోపలి ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే మహానుభావుణ్ని, నా భాషలో ఒకటీ రెండూ చదవలేక నోరు తెరిచాను. మా బడిలో అవి ఎవరూ నేర్పలేదు. కుర్రాళ్లను అడిగాం. వాళ్లకూ రావు.

"ఇవి చదివేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"బయటనే... వరండల ఒకాయన ఉన్నడు మేడం."

"పిలువు జల్ది! పాస్ గీస్ జాంతా నై!"

బాపు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. నేల మీది అట్టలను చూశాడు. తెగిన పట్టుదారం చూశాడు. నా చేతిలో కత్తెర చూశాడు. తిట్టలేదు.

"కత్తెర ఎందుకురా? ఒక్కటే ముడి గద. ఆ కొస గుంజితే అన్నీ వదులైతయ్."

అంతే అన్నాడు. పంచె ఎగగట్టి నేల మీద కూర్చున్నాడు. "ఈయనకు ఈ అంకెలు వస్తయి మేడం" అని మాత్రం అన్నాను. ఈయన ఎవరో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారా? ఒకసారి పిచ్చాయన అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో మీకేం తెలుసు!

బాపు అట్ట తీసి, నంబరు చదివి, పదేసి కుప్పలుగా పెడుతుంటే, మేడం కుప్పలు అందుకుంది, ఆ కుర్రాళ్లిద్దరూ బల్లల కింద దూరి మిగిలినవి ఏరారు. "నూట పదమూడు... ఇటివ్వు బిడ్డా... ఇన్నూట నలభై..." పావుగంటకు మూడు వందలూ వరసలో కూర్చున్నాయి. సూది చిల్లులు ఎంత సన్నవంటే మిషను వాటిని చిల్లుల కింద లెక్కే చేయలేదు. ఒక్క అంకె మీద కూడా సూది పడకుండా అంచున కుట్టాడు ఆయన. అట్టలు గడగడా లోపలికి పోయాయి. కాసేపటికి కాగితం బయటికి రావడం మొదలైంది. శక్తి అంగ అంగకూ పెరిగి పెరిగి, పదిహేనో అంగ దాటాక తగ్గడం మొదలైంది. అదిగో నా గుట్ట!

బాపు ఆ కాగితం మీదికి వంగి, "నాడె దాటిందా?" అన్నాడు.

"దాటింది బాపూ" అన్నాను. ఆ బాపూ మాత్రం సగమే బయటికొచ్చింది.

మేడం ఊపిరి పీల్చుకుని, బాపుకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించింది. "పెద్దాయనా, మీరు రాకుంటే ఈ పిల్లగాని పని ఖతమే. అవునుగని, మీ వాడల ఎవరో పిచ్చాయన ఉన్నడట గద? ఆయనే కుట్టిండట ఇదంత?"

నా చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. బాపు నన్ను చూశాడు. తాపీగా ఒక గుక్క తాగాడు.

"ఉన్నడమ్మా. మా ఇంట్లనే ఉంటడు. కుట్టింది మాత్రం వాడు కాదు, కత్తిరించింది వాడు."

మేడం ముందు నన్ను చూసింది, తర్వాత ఆయన్ను చూసింది, ఆ తర్వాత బల్ల పట్టుకుని నవ్విన నవ్వుకు పక్క గదిలోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. వాళ్లందరి ముందూ నేను లేచి నిలబడి, "ఈయన మా బాపు. ఇది కుట్టింది మా బాపే" అని చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను. గేటు దగ్గర వాచ్‌మన్‌కూ, తిరుగు రైల్లో టికెట్ కలెక్టరుకూ చెప్పాను.

శుక్రవారం కమిటీ ఇంకో ఏడాది ఇచ్చింది. ఆనాడే నేను నిండు మనసుతో, స్నానం చేసి, తూర్పుకు తిరిగి ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఎవరైనా "ఇది ఎవరు కుట్టారు" అని అడిగితే, ఎంతమంది నవ్వుతున్నా సరే, ముందు మా బాపు అని చెప్పి ఆ తర్వాతే మిగతా మాటలు మాట్లాడతాను. ఈ ప్రతిజ్ఞ ఇంతవరకు తప్పలేదు. కత్తెర ముట్టనని కూడా ఒట్టు పెట్టుకోబోయాను గాని అవసరం పడలేదు. మా ఇంట్లో అది ఇప్పటికీ ఎవరూ నా చేతికివ్వరు.